కిటికీ కింద రేకు

పెంచలయ్యకి ఆరేళ్ళుగా ఒకటే బాధ. తను చేసిన పని బాగుందని మేస్త్రీ ఒక్కసారి కూడా అనలేదు.

అలాగని తిట్టిందీ లేదు. మస్తాన్ మేస్త్రీ తిట్టే రకం కాదు. చేసి చేతికిచ్చిన ఇంజన్ని కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ" అని బల్ల మీద పెట్టి, బీడీ వెతుక్కునేవాడు. ఆ "ఊఁ"లో మెప్పెంతో పెదవి విరుపెంతో తేలక పెంచలయ్యకి ఆ పూట అన్నం సయించేది కాదు.

మేస్త్రీ పాలగుంట జంక్షన్ డీజిల్ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు వెల్డరు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఇత్తడి రేకు కత్తిరించి, టంకం పెట్టి, ఒకప్పుడు తను బాగుచేసిన డీజిల్ ఇంజన్లనే మూరెడు పొడవున మళ్ళీ చెయ్యడం మొదలుపెట్టాడు. అసలు ఇంజన్లో ముప్పై రెండో వంతు. మెట్లు, హారన్లు, రేడియేటరు జాలీ, డ్రైవరు పట్టుకుని ఎక్కే కమ్మీలు, అన్నీ ఆ కొలతకే. రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

పెంచలయ్య కావలిలో బోర్డులు రాసుకునే పెయింటరు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని మూతబడ్డాక, ముప్పై దాటిన వయసులో వచ్చి మేస్త్రీ దగ్గర చేరాడు. చెయ్యి మంచిది. మూడు వెంట్రుకల కుంచెతో ఆవగింజంత అంకెలు వణక్కుండా రాసేవాడు. అది మంచి చెయ్యని అందరికంటే ముందు అతనికే తెలుసు, అదే వచ్చిన చిక్కు.

మేస్త్రీ నేర్పిన పాఠం కూడా పెద్దదేం కాదు. ఉన్నది ఉన్నట్టు చెయ్యమనేవాడు. చెయ్యబోయే ముందు మాత్రం, ఏ ఏడాది ఇంజను అని అడిగేవాడు. ఇంజను ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. ఓవర్‌హాలింగుకి పోయొచ్చిన ప్రతిసారీ ఓ దీపం మారుతుంది, ఓ జాలీ మారుతుంది, ఒంటి మీద రంగు మారుతుంది. అందుకే ఎవరైనా ఫోటో ఇస్తే మేస్త్రీ ముందు దాన్ని వెనక్కి తిప్పి తారీఖు చూసేవాడు. ఇంజన్ని చూడటం ఆ తర్వాతే.

ఒకరోజు పొద్దున ఎస్తేరమ్మ వచ్చింది. చర్చి వెనక వీధిలో ఉంటుంది. ఆమె భర్త దానియేలు గూడ్సు బండి డ్రైవరు. పద్నాలుగేళ్ళ క్రితం డ్యూటీలో ఉండగా ఒక గేటు దగ్గర రాళ్ళ లారీ అడ్డం వచ్చి పోయాడు. షుగరు వల్ల ఆమెకి మూడేళ్ళుగా చూపు లేదు. పక్కింటామె చెయ్యి పట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, వచ్చిన పని చెప్పింది. దానియేలు పదేళ్ళు నడిపిన ఇంజన్ని చేసివ్వాలి. షెడ్డు వాళ్ళు అసలు ఇంజన్ని ఎప్పుడో తుక్కుకి పంపేశారు.

"ఆల్బం ఉంది మేస్త్రీ. తెరిస్తే నున్నటి కాయితం తగులుతుందే గాని ఇంకేం లేదు. తడిమితే తెలిసేదొకటి ఇంట్లో ఉంటే బాగుండని" అంది.

మేస్త్రీ చేతిలో బీడీ ఆరిపోయింది.

"ఆ ఇంజను నా వల్ల కాదమ్మా" అన్నాడు చివరికి. "మావాడు చేస్తాడు."

అదీ మాట! పెంచలయ్య చెవుల్లో బాజాలు మోగాయి. ఆరేళ్ళు "ఊఁ" తప్ప ఏమీ అనని మనిషి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషి ముందు, నా వల్ల కాదు వాడి వల్లే అవుతుందన్నాడు. ఇంతకంటే ఒప్పుకోలు ఇంకేం కావాలి? మేస్త్రీ మొహం ఎలా ఉందో అతను చూడలేదు. చూసుంటే ఈ కథ ఉండేది కాదు.

ఆశ ఇంకొకటీ తోడైంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే ఉద్యోగుల క్లబ్బుకి సెక్రటరీ అయిన శేషగిరిరావు, హాల్లో అద్దాల బీరువాలు చేయించి, షెడ్డులో తిరిగిన ఇంజన్లు ఐదింటిని వాటిలో పెట్టాలని చూస్తున్నాడు. ఆయన మూడేళ్ళ క్రితమే బదిలీ మీద వచ్చిన మనిషి. పెంచలయ్య కలిస్తే, ముందు ఎస్తేరమ్మగారి ఇంజను ఎలా వస్తుందో చూస్తానన్నాడు. బాగుంటే ఐదూ అతనికే, ప్రతిదాని కిందా అతని పేరుతో రేకు. కావలిలో ఎవరెవరి కొట్ల మీదో వాళ్ళ పేర్లు రాసిన చెయ్యి అది. తన పేరు ఒక్కచోటా రాసుకున్నది లేదు.

కాబట్టి ఈ ఇంజన్లో మేస్త్రీ వేలు పడకూడదనుకున్నాడు. పని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలు. మేస్త్రీ ఒక్కసారి మాత్రం అడిగాడు, ఏ ఏడాదిది చేస్తున్నావని. ఆయన నడిపినప్పటిదే అని పెంచలయ్య కొంచెం విసురుగానే చెప్పాడు. మేస్త్రీ తలూపి ఊరుకున్నాడు.

ఎస్తేరమ్మ ఆల్బంలో ఎనిమిది ఫోటోలు దొరికాయి. అన్నిట్లోనూ చుట్టాలే అడ్డం నిలబడ్డారు, వాళ్ళ భుజాల మీంచి ఇంజను తొంగి చూస్తోంది. విసిగిపోయి ఉండగా, రైళ్ళ ఫోటోలు తీసే పూనా ఆయనొకడు తన దగ్గరున్నది ఫోన్లో పంపాడు. అద్దంలా ఉంది. ఎండలో పక్కకి తిరిగి నిలబడిన ఇంజను. డ్రైవరు కూర్చునే ఎడమ కిటికీ కింద మంచమంత కొత్త రేకు అతికి ఉంది. చుట్టూ గట్టు కట్టిన వెల్డింగు, మిగతా ఒంటి కంటే ఒక్క పిసరు లేతగా ఉన్న రంగు.

పెంచలయ్య ఆ అతుకు మీద మనసు పారేసుకున్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళకే పట్టే పిచ్చి అది. కొత్త ఇంజన్ని ఎవడైనా చేస్తాడు. ఆ ఒక్క ఇంజనుకే ఉన్న గాటు, సొట్ట, మచ్చ పట్టుకున్నవాడే పనివాడు. ఇంకెవ్వరి దగ్గరా లేని మచ్చ తనకి దొరికింది. ఫోన్లో వచ్చిన ఫోటోకి వెనక వైపు ఉండదు, తిప్పి తారీఖు చూడటానికి. అడిగితే పంపినాయన చెప్పేవాడే. అడగలేదు.

ఆ అతుకు ఒక్కదానికే పదకొండు రోజులు పట్టింది. పల్చటి రేకు బొటనవేలి వెడల్పున కత్తిరించి, అంచుల వెంట వెంట్రుకలాంటి తీగ అమర్చి, దాన్ని సన్నగా నొక్కి నొక్కి వెల్డింగు గట్టులా తెచ్చాడు. అక్కడ టంకం పెడితే వేడికి పక్క అతుకులు ఊడతాయని జిగురుతో అంటించాడు. ఆమె చూసేది వేళ్ళతోనే గనక, తగిలేట్టు కాస్త పైకే ఉంచాడు. అయ్యాక కళ్ళు మూసుకుని తడిమి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా తగిలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళారు. మేస్త్రీ కూడా ఇంజన్ని చూడటం అక్కడే మొదటిసారి. శేషగిరిరావు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెంచలయ్య గుడ్డ తీసి ఇంజన్ని బల్ల మీద పెట్టి, ఆమె చేతులు పట్టుకుని దాని మీద ఉంచాడు.

ఆమె ముందు ఇంజను కొసనుండే గుండ్రటి బఫర్లు పట్టుకుంది. తర్వాత మెట్లు, ఒక్కొక్కటిగా. కమ్మీ దొరకగానే నవ్వింది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు క్యారేజీ పైకి అందించేది ఆ కమ్మీ పక్కనుంచేనట, ఆయన వంగి అందుకునేవాడట. హారన్లు దొరికితే, ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఆయన మోత తనకి వేరే తెలిసేదని చెప్పింది. శేషగిరిరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఐదు ఇంజన్లూ వరుసగా అద్దాల వెనక నిలబడినట్టే ఉంది పెంచలయ్యకి.

వేళ్ళు కిటికీ మీదకి వచ్చాయి. కిటికీ కిందకి జారాయి. అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, గట్టు వెంట మెల్లగా చుట్టూ తిరిగాయి.

"ఇక్కడేందో అతుకుంది" అంది ఎస్తేరమ్మ. "ఆయన సీటు ఇక్కడే గదా."

ఆమె మొహం మేస్త్రీ నిలబడిన వైపు తిరిగింది.

"ఇంజనుకి గీత కూడా పళ్ళేదని చెప్పినారే మేస్త్రీ, ఆ రోజు."

పెంచలయ్యకి ఆ మాటలో ఏమీ వినపడలేదు. తన పని పట్టుకుందన్న సంబరమే. "అది అసలు ఇంజన్..." అని నోరు తెరిచాడు.

మేస్త్రీ అతన్ని పక్కకి తోశాడు. ఇంజన్ని ఆమె చేతుల కింద నుంచి లాక్కున్నాడు. జేబులోంచి చాకు తీసి, అతుకు అంచు కింద దూర్చి, ఒక్క పెట్టున పైకి లేపాడు. రేకు టప్పున ఊడి బల్ల మీద పడింది. దాంతోపాటు చుట్టూ రంగు పెచ్చులుగా లేచి, రాసిన అంకెల్లో రెండు పోయాయి.

"అదేం లేదమ్మా. మావాడు రేకు చెడగొట్టుకుని, పైన ముక్కేసి కప్పెట్టాడు. నాకు చూపించకుండా తెచ్చినాడు. చెయ్యి ఇంకా కుదర్లా."

"అంతేనా?" అంది ఆమె.

"అంతేనమ్మా."

ఎస్తేరమ్మ ఊపిరి వదిలింది. శేషగిరిరావు ఊడిన రేకు వైపు, పెంచలయ్య వైపు చూసి, తర్వాత ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

వీధి మలుపు దాకా పెంచలయ్య పళ్ళు బిగించుకునే నడిచాడు. మలుపు తిరిగాక ఇంక ఆగలేదు. ఆరేళ్ళదంతా ఒక్కసారే కక్కాడు. తనకి పేరొస్తుందంటే ఓర్వలేకపోయారన్నాడు. సెక్రటరీ ఎదురుగానే తన గొంతు కోశారన్నాడు. పదకొండు రోజుల పని చాకుతో పీకేశారన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెయ్యమంది మీరే గదా! ఉంది. నేను చూశాను, ఫోటో ఉంది నా దగ్గర."

"ఉంది" అన్నాడు మేస్త్రీ. "ఆ రేకు అతికింది నేనే."

పెంచలయ్య నడక ఆగిపోయింది.

మేస్త్రీ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. షెడ్డు సంగతులు చెప్పినట్టే చెప్పాడు. లారీ వచ్చి కిటికీ కిందే గుద్దింది. రేకు లోపలికి మడతపడి దానియేలు కాళ్ళ మీద మూసుకుంది. గ్యాసు కట్టరు తీసుకుని తననే పంపించారు.

"కొయ్యడానికి గంటన్నర పట్టింది. మంట ఆయనకి తగలకుండా కొయ్యాల గదా. కోసినంతసేపూ మాట్లాడతానే ఉన్నాడు."

ఆ తర్వాత ఇంటికి కబురు చెప్పాల్సి వచ్చింది. అదీ తనే చెప్పాడు. బయటికి ఎగిరిపడ్డాడు, పడగానే ప్రాణం పోయింది, ఏమీ తెలీలేదు, ఇంజనుకి గీత కూడా పళ్ళేదు అని. రైల్వే కాలనీ అంతా ఆ మాట మీదే నిలబడింది. పద్నాలుగేళ్ళుగా ఎవరూ నోరు జారలేదు. ఆ రేకు మాత్రం తర్వాతి నెలలో తనే కొత్తది తెచ్చి అతికాడు. ఎస్తేరమ్మ ఆ తర్వాత షెడ్డు వైపు రాలేదు.

"నాకు ముందే చెప్పుండొచ్చు గదా మేస్త్రీ" అన్నాడు పెంచలయ్య.

"చెప్పుండాల్సింది. నోరు రాలా."

నా వల్ల కాదమ్మా అని ఆ రోజు అరుగు మీద అన్న మాటకి అర్థం పెంచలయ్యకి ఇప్పుడు తెలిసింది. దాన్ని తనకి వేసిన దండ అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాటి నుంచి ఇంజను మేస్త్రీ బల్ల మీదకి వచ్చింది. పెంచలయ్య జిగురు గీకాడు. ఆకురాయితో నున్నగా అరగదీశాడు. కిటికీ కింద రేకు గుద్దక ముందు ఎలా ఉండేదో మేస్త్రీని అడిగి, అలా చేశాడు. కొత్త రంగు వేసి, పోయిన అంకెలు మళ్ళీ రాశాడు. తొమ్మిది రోజులు. మేస్త్రీ పక్కనే కూర్చుని ఇంకేదో ఇంజనుకి మెట్లు వంచుకున్నాడు. పెంచలయ్యకి అప్పటికీ కోపం పూర్తిగా పోలేదు. జరిగింది న్యాయమేనని తెలుసు. తెలిసినంత మాత్రాన తన పేరు పోయిన బాధ తగ్గలేదు.

మళ్ళీ ఆదివారం కాక ఆపై ఆదివారం ఇద్దరూ ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె తడిమింది. ఈసారి వేళ్ళు కిటికీ కింద ఎక్కడా ఆగకుండా దాటిపోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చి, ఆ నున్నటి చోటు మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది.

ఆ సమయానికి శేషగిరిరావు వచ్చాడు. చేతిలో కవరు. మనిషి మంచివాడే, అన్యాయం చూస్తే ఊరుకోలేని మంచివాడు. అదే ప్రాణం మీదకి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ కోసం పూనా ఆయన్ని పాత ఫోటోలు అడిగాడట. ఇవాళే వచ్చాయట. కవర్లోంచి ఒకటి తీసి పెంచలయ్య ముందు పెట్టాడు.

"చూడవయ్యా. ఇందులో కిటికీ కింద అతుకు స్పష్టంగా ఉంది. నువ్వు చేసింది ఇదే కదా? మీ మేస్త్రీ తప్పని ఎందుకు పీకేశారు? నువ్వు సరిగ్గానే చేశావని నాకనిపిస్తోంది. ఆ మాట నీ నోటితో చెప్పు, ఐదు ఇంజన్లూ నీకే ఇస్తాను."

ఎస్తేరమ్మ అరచెయ్యి ఇంజను మీద కదల్లేదు. తల కొంచెం పక్కకి వంచి వింటోంది. మేస్త్రీ గోడ వైపు చూస్తున్నాడు. పెంచలయ్యకి ఆయన ఏ సైగా చెయ్యలేదు.

పెంచలయ్య ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. నెలల తరబడి కళ్ళకి అద్దుకున్న ఫోటో. ఇంజను నంబర్లో చివరి అంకె మీద ఎండ పడి మెరుస్తోంది, కొత్తవాళ్ళకి అది మూడో ఎనిమిదో తెలీదు. అతనికి తెలుసు. ఆ ఎనిమిదిని అచ్చం అలాగే రాసింది అతనే. రెండుసార్లు రాశాడు.

ఈ పనిలో ఒక మనిషి చెయ్యగల తప్పుల్లో అన్నిటికంటే హీనమైనదొకటుంది. ఒక ఇంజను చేస్తున్నాననుకుని ఇంకో ఇంజన్ని చూసి చెయ్యడం. పనికిరానివాడు కూడా ముందు నంబరు చూసుకుంటాడు. అలా చేసినవాడి చేతికి ఇంకెవరూ ఫోటో ఇవ్వరు.

"ఇది వేరే ఇంజనండి" అన్నాడు పెంచలయ్య. "చివరి అంకె మూడు. అమ్మగారిది ఎనిమిది. నేను నంబరు సరిగ్గా చూసుకోకుండా దీన్ని చూసి చేసేశాను. అతుకు ఆ ఇంజనుది."

శేషగిరిరావు ఫోటో వెనక్కి తీసుకుని, వెలుతుర్లోకి ఎత్తి, కళ్ళు చిట్లించి చూశాడు. "నంబరు కూడా చూసుకోలేదా?" అన్నాడు.

"లేదండి."

"మరి మీ మేస్త్రీ రేకు చెడిందన్నారు?"

"నా పరువు పోతుందని మా మేస్త్రీ అలా సర్దారండి. సంగతి ఇదీ."

శేషగిరిరావు ఫోటోని కవర్లో పెట్టుకున్నాడు. ఐదు ఇంజన్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. నంబరు చూసుకోలేనివాడి చేతికి షెడ్డు చరిత్ర ఎలా అప్పజెబుతాడు? ఆ స్థానంలో ఉంటే పెంచలయ్య కూడా ఇచ్చేవాడు కాదు. ఆ పని తర్వాత మద్రాసు వాళ్ళెవరికో వెళ్ళింది.

ఎస్తేరమ్మ చెయ్యి చాపి, గాలిలో వెతికి, పెంచలయ్య మోచెయ్యి పట్టుకుంది.

"పోనీలే అబ్బయ్యా, బాధపడబాకు. నేర్చుకుంటావు" అంది జాలిగా.

"నేర్చుకుంటానమ్మా" అన్నాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. ఎండ నడినెత్తి మీద ఉంది. స్టేషన్ ఓవర్ బ్రిడ్జి మెట్లు ఎక్కుతూ మేస్త్రీ ఆయాసానికి ఆగితే పెంచలయ్యా ఆగాడు. కింద కరెంటు ఇంజనొకటి గూడ్సు లాక్కుని వెళ్తోంది. అది దాటిపోయేదాకా ఇద్దరూ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"కడుపు మండిపోతా ఉంది మేస్త్రీ" అన్నాడు పెంచలయ్య.

మేస్త్రీ తలూపాడు.

"ఎన్నాళ్ళకి చల్లారుద్ది?"

మేస్త్రీ రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"నాకింకా తెలీదు."